పచ్చమ్మ తీసిన ఆకు

“మాట చెప్పండి బాబూ.”

బురుజు మీది నుంచి ఆ గొంతు మూడోసారి వినబడేసరికి యువరాజు శరభాంకుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. రాజధానిలో తెల్లవారకముందే గుర్రమెక్కినవాడు మిట్టమధ్యాహ్నానికి కనుమకోట తూర్పు తలుపు ముందు దిగాడు. దారిలో ఒక గుర్రం కూలింది. రెండోది నురగలు కక్కుతూ వెనకాల నిలబడి ఉంది. ఒళ్ళంతా బురద, నోరంతా దుమ్ము. ఇంత చేసి వస్తే, చిన్నప్పుడు తనను భుజాల మీద మోసిన దళవాయి ఎర్రపోతడు పైనుంచి తొంగిచూస్తూ, ముక్కూ మొహం తెలియని బాటసారిని అడిగినట్టు మాట చెప్పమంటున్నాడు.

“నా ముఖం కనబడటం లేదా దళవాయీ?”

“కనబడకేం బాబూ. కుడి కనుబొమ్మ మీద మచ్చ కూడా కనబడుతోంది. నా దగ్గర కర్రసాము నేర్చుకునేటప్పుడు తగిలిన దెబ్బ అది.”

“మరి తలుపు తియ్యి.”

“మాట చెప్పండి, తీస్తాను.”

ఈ మాట సంగతేమిటో చెప్పకపోతే యువరాజు కోపం ఎవరికీ అర్థం కాదు. పూర్వం ఒకసారి ఉల్కాముఖుడనే మాయావి సాక్షాత్తు మహారాణి రూపం దాల్చి, ఆమె గొంతుతోనే ఆజ్ఞలిచ్చి, ఒక కోటను నిలువునా దోచుకుపోయాడు. అప్పటినుంచి వైడూర్యపురి రాజ్యంలో ముఖాన్నీ, ముద్రటుంగరాన్నీ, జెండానూ నమ్మడం మానేశారు. నమ్మేది ఒక్క పచ్చమ్మనే. పచ్చమ్మ అంటే రాజధానిలో అమ్మవారి గుడిలో బంగారు పంజరంలో ఉండే చిలుక. రోజూ సూర్యుడు పొడవగానే పూజారి ఇరవై ఏడు తాటాకు ముక్కలు పంజరం ముందు వరసగా పరుస్తాడు. ఒక్కో ఆకు మీద ఒక్కో పువ్వు పేరు. చిలుక బయటికొచ్చి ఒక ఆకును ముక్కుతో లాగుతుంది. ఆ రోజుకు అదే మాట. పావురాలు ఆ పేరును కోటలన్నిటికీ మోసుకుపోతాయి. రాజాజ్ఞ పట్టుకెళ్ళే రౌతు చెవిలో పూజారి అదే పేరు ఊదుతాడు. పావురం తెచ్చిన పేరూ, రౌతు చెప్పిన పేరూ ఒకటైతేనే తలుపు లేస్తుంది. మర్నాడు కొత్త పావురం వాలగానే పాత మాటను పసుపునీళ్ళతో పుక్కిలించి ఉమ్మేయాలి. నిన్నటి మాటను నేడు తలచుకుంటే కళ్ళు పోతాయట. అమ్మవారు చిలుక నోట పలికించే మాట గనుక అది ముందుగా ఎవడికీ అంతుపట్టదని రాజు దగ్గర్నుంచి గుర్రపువాడి దాకా అందరికీ కొండంత ధీమా.

శరభాంకుడు పచ్చమ్మ నిద్ర లేచేదాకా ఆగలేదు. ఆగడానికి వీల్లేకపోయింది. కాకిలోయలో ఉల్కాముఖుడి సేన దాగి ఉందనీ, కనుమకోట తలుపు తనంతట తానే తెరుచుకుంటుందని వాళ్ళు చెప్పుకుంటున్నారనీ ఒక వేగులవాడు బాణం దెబ్బతో వచ్చి, రాజభవనం మెట్ల మీద ప్రాణం వదిలాడు. రాజధానిలో మంచం పట్టిన మహారాజు, నిరాయుధులైన ప్రజలు తప్ప సైన్యమనేది లేదు. ఉన్న సైన్యమంతా కనుమ కోటల్లోనే ఉంది. ఒక్క కనుమ తెరుచుకుంటే రాజధాని ఆ సాయంత్రానికే బూడిద.

“మాట నాకు తెలియదు. పొద్దు పొడవకముందే బయలుదేరాను. కానీ నా మాట విను దళవాయీ. ఇవ్వాళ రాజధాని నుంచి ఇంకెవరైనా వచ్చారా?”

“వచ్చారు బాబూ. జాము క్రితమే రాజుగారి రౌతు వచ్చాడు. మాట చెప్పాడు, లోపలికొచ్చాడు, భోంచేస్తున్నాడు. మనకు సాయంగా మరాళదేశపు సేన పడమటి దిక్కు నుంచి వస్తోందట. రేపు పావురం వాలాక వాళ్ళు రేపటి మాట చెబుతారట. చెప్పగానే పడమటి తలుపు ఎత్తి లోపలికి రానివ్వమని ఆజ్ఞ.”

 నిన్న రాత్రంతా తండ్రి మంచం పక్కనే కూర్చున్నవాడు శరభాంకుడు. మరాళదేశం ఊసే రాలేదు.

“నేను పొద్దు పొడవకముందు బయలుదేరి, గుర్రాన్ని చంపుకుని ఇప్పుడొచ్చాను. పొద్దు పొడిచాక చిలుక ఆకు తీస్తే, ఆ మాట విని బయలుదేరినవాడు నాకన్నా జాము ముందు ఎలా వచ్చాడు? ఆలోచించవేం?”

ఎర్రపోతడు తెల్లటి గుబురుమీసం దువ్వుకుంటూ ఆలోచించాడు. శ్రద్ధగానే ఆలోచించాడు.

“ఆయన గుర్రం మంచిదై ఉంటుంది బాబూ.”

యువరాజు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఒక ఆడగొంతు వినబడింది.

“గుర్రం కాదు దొరా, నా పుట్టి మంచిది.”

కొండ కింద ఏట్లో తెప్పలాంటి గుండ్రటి పుట్టి నడిపే తుంగ అది. నల్లటి మనిషి, చెయ్యి ఎంత బలమో నోరూ అంత. నీళ్ళకుండ చంకనెత్తుకుని చాలాసేపటి నుంచి ఈ గొడవంతా వింటోంది.

“పొద్దున్నే ఆ రౌతును నేనే దాటించినా. గుర్రం పక్కనే ఈదింది. అవతలొడ్డున, కాకిలోయ దిక్కు నుంచి వచ్చినాడు. రాజధాని నుంచి వచ్చేవాడికి ఏరు దాటే పనేంది?”

“విన్నావా దళవాయీ?” అని యువరాజు పైకి చూశాడు.

“విన్నాను బాబూ. ఆమెకు మాట తెలుసా?”

యువరాజు తలుపు మీద అరచేత్తో చరిచాడు. ఎర్రపోతడు కొంచెం నొచ్చుకుని, గొంతు తగ్గించి అన్నాడు. “తమరు యువరాజులేనని నాకు తొంభై పాళ్ళు తెలుసు. ఆ పది పాళ్ళ వల్లే కదా మహారాణి గారి రోజుల్లో ఒక కోట పోయింది. పావురం అబద్ధం చెప్పదు. మాట తెచ్చుకోండి బాబూ, నేనే దిగొచ్చి కాళ్ళు కడుగుతాను.”

గోడకు చెప్పుకున్నా కాస్త ప్రతిధ్వని వినబడేది. శరభాంకుడు విసురుగా వెనక్కి తిరిగాడు.

“వాడు మాటను ఎలా దొంగిలిస్తున్నాడో తెలియాలి. ఉల్కాముఖుడి గుహలో మాయాదర్పణం ఉందని విన్నాను. అందులో పచ్చమ్మను చూస్తున్నాడు. ఆ అద్దం పగలగొడితే సరి. నీ పుట్టి కాకిలోయ దాకా పోతుందా?”

“పోవడం పోతది. తిరిగి రావడమే మనిషిని బట్టి ఉంటది” అంది తుంగ, కుండ దింపేసి.

ఆ ఏటి పేరు కరకర. పేరుకు తగ్గట్టే కొండలను నమిలి పారుతుంది. రెండు వైపులా తలెత్తి చూస్తే టోపీ జారే ఎత్తున రాతిగోడలు. వాటి పగుళ్ళలో నుంచి వేలాడే ఎర్రటి అడవి తీగలు, జలపాతాల తుంపర్లలో విరిగి మెరిసే ఇంద్రధనుస్సు ముక్కలు, కనుచూపు మేరా పాలనురుగు. సేనలూ ఏనుగులూ ఆ నీళ్ళలో నిలవలేవు. తోలు తొడిగిన వెదురు పుట్టి ఒక్కటే, నీళ్ళు ఎటు తిప్పితే అటు తిరుగుతూ, మునగకుండా పోతుంది. తుంగ మోకాళ్ళ మీద కూర్చుని తెడ్డు ఆడిస్తుంటే యువరాజు రెండు చేతులా అంచు పట్టుకుని, కడుపులో పేగులను లోపలే ఉంచుకోవడానికి తంటాలు పడ్డాడు.

మొదటి మలుపులో సుడి పట్టుకుంది. పుట్టి గిరగిరా తిరిగింది. తుంగ సుడికి ఎదురు పోలేదు, దానితో పాటే మూడు చుట్లు తిరిగి, నాలుగో చుట్టులో తెడ్డుతో రాతిని తన్ని బయటపడింది. రెండో మలుపులో ఎండ కాగుతున్న మొసలి నోరు తెరుచుకుని నీళ్ళలోకి జారింది. శరభాంకుడు దాని నోట్లో అడ్డంగా డాలు కుక్కాడు. మొసలి డాలుతో సహా మునిగింది. మూడో మలుపులో ఏటికి అడ్డంగా జుట్టుపోగంత సన్నటి తీగ, దానికి వేలాడుతూ వంద కత్తులు. తీగకు పుట్టి తగిలితే కత్తులన్నీ కింద పడతాయి.

“దిగు దొరా” అంది తుంగ.

“ఎక్కడికి?”

“నీళ్ళలోకి.”

ఇద్దరూ పుట్టిని బోర్లించి, దాని కింద తలలు పెట్టి, దాని లోపల నిలిచిన గాలి పీలుస్తూ తీగ కిందుగా దాటిపోయారు. యువరాజు జీవితంలో ఇంత తడిసిందీ లేదు, ఇంత చిరాకు పడిందీ లేదు. తన కోట తలుపు తనకు తియ్యలేదు గాని, దొంగకు వడ్డించి భోజనం పెడుతున్నారు. తలచుకున్నప్పుడల్లా ఒళ్ళు భగ్గున మండుతోంది.

పొద్దు వాలే వేళకు గుహ చేరారు. చూసి శరభాంకుడు కాసేపు కోపం కూడా మరిచిపోయాడు. ఏనుగు దంతాల స్తంభాలు, నీలపు రాళ్ళు పొదిగిన పైకప్పు, మూలమూలనా తమంతట తామే వెలిగే పచ్చటి మంటలు, వెయ్యి సీసాల్లో పొగలు కక్కే మూలికల రసాలు, గోడల నిండా మంత్రాక్షరాలు, పులితోలు ఆసనం, దాని ముందు నిలువెత్తు అద్దం. యువరాజు కత్తి దూసి ఒక్క అంగలో అద్దం ముందు నిలబడ్డాడు. అద్దంలో బురద కొట్టుకున్న యువరాజు కనబడ్డాడు. పక్కకు జరిగాడు. అద్దంలో ఖాళీ గోడ కనబడింది.

“తల దువ్వుకునే అద్దం మాదిరే ఉంది దొరా” అంది తుంగ.

అద్దమే. దానికి ఏ మాయా లేదు. శరభాంకుడు గుహంతా గాలించాడు. సీసాలు తిప్పి చూశాడు, పులితోలు ఎత్తి చూశాడు. చివరకు ఆసనం పక్కన ఒక మేకుకు ఒక దారం కనబడింది. పూలదండకు వాడే మామూలు దారం, రెండు కొసలూ కలిపి ముడేశారు. దానికి వరసగా ఎండుటాకులు గుచ్చి ఉన్నాయి. ఒక్కో ఆకు మీద బొగ్గుతో ఒక్కో పువ్వు పేరు. సంపెంగ, మల్లె, తంగేడు, కలువ. ఒక ఆకుకు ఎముక పుల్ల గుచ్చి ఉంది. ఆ ఆకు మీద గన్నేరు అని ఉంది. దాని తర్వాతి ఆకు మొగలి.

ఇరవై అయిదు ఆకులు. ఇరవై ఏడు కాదు.

శరభాంకుడు ఆ దారాన్ని చేతుల్లో తిప్పుతూ నిలబడిపోయాడు. పుట్టిన దగ్గర్నుంచి రోజూ చూసిన పూజ కళ్ళముందు కదిలింది. ముసలిదైపోయిన పచ్చమ్మకు ఎడమ కంటికి పొర కమ్మింది. పంజరంలోంచి రాగానే ఎప్పుడూ కుడివైపుకే తిరుగుతుంది. వాకిటికి మరీ దగ్గరగా ఉన్న రెండు ఆకులను దాటి గెంతి, మూడోదాన్ని లాగుతుంది. రోజూ మూడోదే. పూజారి ఆ ఆకును కళ్ళకద్దుకుని వరస చివరన పెడతాడు. అమ్మవారి వరసను మనిషి చెయ్యి కలిపితే అపచారం గనుక ఎవరూ ఆకులు కలపరు. అంటే మర్నాడు నాలుగోది మూడోదవుతుంది. ఆ తర్వాత అయిదోది. ఇరవై అయిదు రోజులకు చక్రం తిరిగి మొదటికొస్తుంది. మొదటి రెండు ఆకులూ యుగాంతం దాకా అక్కడే పడుంటాయి.

“తుంగా, ఇది మంత్రం కాదు. వట్టి వరస.”

“ఇన్నేళ్ళలో ఎవరూ కనిపెట్టలేదా?”

“ఎలా కనిపెడతారు? నిన్నటి మాటను పుక్కిలించి ఉమ్మేస్తాం కదా. తలచుకుంటే కళ్ళు పోతాయి కదా.” శరభాంకుడి గొంతు పళ్ళ మధ్య నుంచి వచ్చింది.

“వాడొక్కడూ నోరు కడుక్కోలేదన్నమాట.”

“నిజం చెప్పావు పిల్లా” అన్నాడు గుహ వాకిట్లోంచి ఎవరో.

ఉల్కాముఖుడు. ఆరడుగుల మనిషి, ముఖమంతా కాలిన మచ్చలు, జడలు కట్టిన జుట్టు నేలను ఊడుస్తోంది. చేతిలో మంత్రదండం ఉంది గాని, దాన్ని ముసలివాళ్ళు కర్రను పట్టుకున్నట్టు ఆనుకుని నిలబడ్డాడు.

“నలభై ఏళ్ళు శ్మశానాల్లో కూర్చుని మంత్రాలు సాధించాను కుమారా. మీరు మాట పెట్టుకున్నాక కోటగోడల మీద ఒక్కటీ పారలేదు. తర్వాత దారి కాచి రోజుకొక రౌతును పట్టాను. రోజుకొక పేరు చెప్పి చచ్చారు. సంపెంగ రెండోసారి వచ్చిననాడు నాకు నిద్ర పట్టలేదు. మళ్ళీ మల్లె వచ్చింది, మళ్ళీ తంగేడు. ఇంత సుళువా అని నాకే సిగ్గేసింది.”

“రేపు నీ ఆట కట్టు” అన్నాడు యువరాజు. “ఇప్పుడే వెళ్ళి చెబుతాను.”

“చెప్పు. అమ్మవారి చిలుకకు గుడ్డికన్ను అని చెప్పు. నమ్మేవాడు దొరికితే నాకూ చూపించు.”

వాడు దండంతో నేలను తట్టాడు. పచ్చటి మంటలన్నీ గోడలు విడిచి పాముల్లా పాకుతూ మీదికి వచ్చాయి. కత్తికి తెగేవి కావవి. తుంగ యువరాజు నడుం పట్టీ పట్టుకుని ఒక్క గుంజు గుంజి గుహ అడుగున ఉన్న నీటిబిలంలోకి దూకింది. వచ్చినప్పుడు ఆ అంచునే నిలబెట్టిన పుట్టి బోర్లా వాళ్ళ మీద పడింది. చీకటి సొరంగంలో నీళ్ళు ఎటు తోస్తే అటు కొట్టుకుపోయి, ఊపిరి అయిపోయే ఘడియలో కొండ అవతల తేలారు. అక్కడి నుంచి మేకల బాట. తుంగ పుట్టిని నెత్తిన బోర్లించుకుని ముందు నడిచింది, యువరాజు పడుతూ లేస్తూ వెనక నడిచాడు. తూర్పు తెల్లబడే వేళకు మళ్ళీ కోట తలుపు ముందున్నారు.

“మాట చెప్పండి బాబూ.”

“గన్నేరు.”

గిలకలు కిర్రుమన్నాయి. తలుపు లేచింది. తుంగ పుట్టితో ఏటి ఒడ్డుకు దిగిపోయింది. ఎర్రపోతడు చెప్పినట్టే చెంబుతో ఎదురొచ్చి యువరాజు కాళ్ళు కడిగాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. ఆ కళ్ళనీళ్ళు చూసేసరికి శరభాంకుడికి ఇంకా మండింది.

“ఇప్పుడు నమ్మావా?”

“మాట చెప్పారు కదా బాబూ.”

“ఆ మాట నాకు చిలుక చెప్పలేదు. ఉల్కాముఖుడి గుహలో దొరికింది. నాకు దొరికితే వాడికి తెలిసినట్టే కదా. ఆ రౌతు వాడి మనిషి. వచ్చే సేన వాడి సేన. పడమటి తలుపు ఎత్తొద్దు.”

ఎర్రపోతడి నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. “ఒకే మాట మీద రెండు ఆజ్ఞలు. ముందొచ్చిన ఆజ్ఞే చెల్లాలి బాబూ, అది పద్ధతి. అయినా అమ్మవారి మాట మాయావికి ఎలా తెలుస్తుంది?”

శరభాంకుడు చిలుక కంటి పొర నుంచి ఎండుటాకుల దారం దాకా అంతా చెప్పాడు. ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పాడు. దళవాయి చెవులు మూసుకోలేదు గాని, అమ్మవారి పేరు వచ్చినప్పుడల్లా చెంపలు వేసుకున్నాడు. రాజుగారి రౌతునని వచ్చినవాడు పక్కనే నిలబడి, ఎండుకొబ్బరి నములుతూ వింటున్నాడు.

ఇక లాభం లేదని శరభాంకుడు చివరి పాచిక వేశాడు. “సరే. ఇవ్వాల్టి పావురం ఇంకా రాలేదు. చిలుక ఇప్పుడిప్పుడే ఆకు తీస్తుంటుంది. ఆ ఆకు పేరు నేను ముందే చెబుతున్నాను. మొగలి. పావురం మొగలి తెస్తే నేను చెప్పిందంతా నిజమని ఒప్పుకో.”

 సూర్యుడు కొండ మీదికి బారెడు ఎక్కాడు. తెల్లటి పావురం వచ్చి గూటి మీద వాలింది. ఎర్రపోతడు దాని కాలికున్న ఆకు విప్పి చదివాడు. ముఖం పాలిపోయింది.

“మొగలి.”

“చూశావా?” అన్నాడు యువరాజు. రెండు రోజుల తర్వాత మొదటిసారి అతని ముఖంలో కాస్త వెలుగు వచ్చింది.

“చూశాను” అన్నాడు ఎర్రపోతడు, ఒక అడుగు వెనక్కి వేసి కత్తి దూస్తూ. “పచ్చమ్మ నోట రాకముందే మాట తెలిసినవాణ్ణి చూశాను. మనిషన్నవాడికి అది సాధ్యం కాదు. మా యువరాజు రూపంలో వచ్చావు, మచ్చ కూడా పెట్టుకుని వచ్చావు. పట్టుకోండ్రా, వీడే ఉల్కాముఖుడు.”

పది మంది మీద పడ్డారు. శరభాంకుడు ముగ్గుర్ని విసిరేశాడు, నాలుగోవాణ్ణి గుద్దాడు, మిగిలినవాళ్ళు అతణ్ణి పడమటి తలుపును ఎత్తే చక్రం పక్కనే స్తంభానికి కట్టేశారు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇంత పక్కాగా నిరూపించినందుకే కట్టేశారు. నిరూపించకుండా ఊరుకుంటే కనీసం కాళ్ళు కడిగిన మర్యాదైనా మిగిలేది.

కోటలో వాళ్ళందరూ పసుపునీళ్ళు పుక్కిలించి గన్నేరును ఉమ్మేశారు. పడమటి తలుపు బయట మరాళదేశపు హంస జెండాలతో వేల గుర్రాల సేన వచ్చి నిలిచింది. ముందున్న సేనాని ముసుగు తీయకుండానే పలికాడు.

“మొగలి. తలుపు ఎత్తండి.”

భటులు చక్రం తిప్పారు. ఏనుగెత్తు తలుపు నేల విడిచి మోకాలి ఎత్తు లేచింది.

“మొగలి” అన్నాడు శరభాంకుడు స్తంభం దగ్గర్నుంచి. “తలుపు దించండి.”

మాట విన్న అలవాటు. భటులు ఆగిపోయి చక్రాన్ని వెనక్కి తిప్పారు.

“ఎవడ్రా దించమన్నది? ఎత్తండి” అన్నాడు ఎర్రపోతడు.

“అయ్యగారూ, తమరు మాట చెప్పలేదు” అన్నాడు చక్రం దగ్గరి భటుడు భయంభయంగా.

“మొగలి. ఎత్తండి.”

“మొగలి. దించండి.”

“మొగలి. ఎత్తండి” అంది బయటి గొంతు.

తలుపు లేచింది, దిగింది, లేచింది. చక్రం పళ్ళు కిర్రుకిర్రుమన్నాయి. భటులు అటూ ఇటూ చూసి, ఎవరి మాట వినాలో తెలియక చెమటలు కక్కారు. శరభాంకుడికి ఓపిక చచ్చింది. మాటలతో అయ్యే పని కాదని అప్పటికి పూర్తిగా తెలిసొచ్చింది. కట్టిన కాళ్ళు రెండూ దగ్గరికి ముడిచి, ఉన్న బలమంతా పెట్టి, చక్రాన్ని ఆపే ఇనుప చీలను ఒక్క తన్ను తన్నాడు. చీల ఎగిరిపోయింది. చక్రం పిచ్చిపట్టినట్టు తిరిగి, పళ్ళన్నీ రాలిపోయి, గొలుసు తెగింది. తలుపు కొండ కూలినంత చప్పుడుతో నేలలోకి దిగబడింది. అది పడే లోపే దొంగ రౌతు కింది సందులోంచి పొర్లుకుంటూ బయటికి పారిపోయాడు.

 బయట హంస జెండాలు కిందపడి, వాటి స్థానంలో కాలిన పుర్రె జెండాలు లేచాయి. బాణాల వాన గోడలను కొట్టింది. ముసుగు తీసిన సేనాని జడలు గాలికి ఎగిరాయి.

ఎర్రపోతడు బురుజు మీదికి పరిగెత్తి చూసి, పరిగెత్తుకుంటూ దిగొచ్చి, తన చేత్తోనే కట్లు కోశాడు. ఆ తొందరలో యువరాజు మణికట్టు కూడా గీరుకుంది.

“పావురం అబద్ధం చెప్పలేదు కదా బాబూ” అన్నాడు, చిన్నపిల్లవాడిలా.

“చెప్పలేదు. నిజమే చెప్పింది. అందరికీ ఒకే నిజం చెప్పింది.”

బురుజు మీది నుంచి కేక వినబడింది. శత్రుసేన వెనుదిరుగుతోంది, కానీ కాకిలోయకు కాదు. దక్షిణానికి, కొండల వెంట. శరభాంకుడు ఒక్క ఊపులో మెట్లన్నీ ఎక్కి చూశాడు. దక్షిణాన ఉన్నది నాగులకోట, ఇదే కొండల వరసకు రెండో కనుమ. దాని తలుపు వెనకాల కూడా రాజధాని బాటే.

“నాగులకోటకు మన పావురాన్ని వదలండి” అన్నాడు.

“మన పావురాలు మన గూటికి తప్ప ఎగరవు బాబూ” అన్నాడు ఎర్రపోతడు తలొంచుకుని. “అక్కడికి రాజధాని పావురం ఈపాటికి చేరే ఉంటుంది.”

“మొగలి పట్టుకుని.”

“అవును బాబూ.”

శరభాంకుడు వెనక్కి తిరిగాడు. కోపం కూడా మిగల్లేదు. మెట్లు దిగి, తూర్పు తలుపు దాటి, కొండ కిందికి దూకుతూ ఏటి ఒడ్డుకు చేరాడు. బురుజు మీది కేక విని తుంగ పుట్టిని అప్పటికే నీళ్ళలోకి తోసి, తాడు చేత్తో పట్టుకుని ఉంది. కరకర నది నాగులకోట గోడలను ఒరుసుకునే పారుతుందని ఆమెకు వేరే చెప్పాల్సిన పని లేదు.

“గుర్రాలకన్నా ముందు పోగలమా?”

“సుడులన్నీ కలిసొస్తే పోతాం. అక్కడ మనకు తలుపు తీస్తారా దొరా?”

“తీస్తారు. మొగలి అంటే తీస్తారు.”

“మరి వాడికి?”

“వాడికీ తీస్తారు. ముందు ఎవరు చేరితే వాళ్ళకి.”

తుంగ అతని ముఖంలోకి ఒకసారి చూసి, తాడు వదిలేసి, తెడ్డును నీళ్ళలో లోతుగా గుచ్చి, పుట్టిని ఒడ్డు వెంట కాకుండా ఏటి నడిమధ్యకు తిప్పింది.